కలి లోపల, ద్వాపరుడు పాచికల్లో: వేప్, మందు ఎందుకు కలిసే వస్తాయి?



ఈ వారం వీడియోలో నలదమయంతుల కథ చెప్పుకున్నాం కదా. అందులో టైమ్ సరిపోక గబగబా దాటేసిన ఒక చిన్న వివరం ఉంది. ఈ పోస్టు దాని గురించే. పాత కథలే అని పక్కన పెట్టేయకండి. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో మన వయసువాళ్ళు కూర్చున్న టేబుల్ దగ్గర జరిగేది కూడా ఇదే కథ.

మా ఫ్లాట్‌లో ఉండే ఫ్రెండ్ ఒకడు ఆ మధ్య నన్ను అడిగాడు: "ఏరా, నువ్వు ప్రవచనాలవీ వింటుంటావు కదా. మందు తప్పని శాస్త్రాల్లో ఉంది, సరే. వేప్ గురించి ఎక్కడా లేదుగా? మరి అది పాపమా, కాదా?" వాడు వెటకారంగా అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. వాడి లెక్క వాడికి ఉంది. సిగరెట్ మానేసి వేప్ పట్టుకున్నాడు, కాబట్టి అది మెరుగు. మందు శనివారం మాత్రమే, కాబట్టి అది అలవాటు కాదు. రెండు లెక్కలూ విడివిడిగా చూస్తే సరిగ్గానే కనిపిస్తాయి.

చిక్కల్లా ఆ 'విడివిడిగా' దగ్గరే ఉంది. వాడి శనివారాలు నేను చూస్తూనే ఉన్నాను. ఆ రెండూ ఎప్పుడూ విడివిడిగా రావు. అందుకే నాకు అసలు ప్రశ్న వేరేగా కనిపించింది: రెండు అలవాట్లు ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నప్పుడు, ఒకదానికి 'సరే' అన్నవాడు నిజంగా ఎన్నిటికి 'సరే' అన్నట్టు?

కలికి తోడెందుకు కావాల్సి వచ్చింది?

మహాభారతం అరణ్యపర్వంలో బృహదశ్వ మహర్షి ధర్మరాజుకి ఈ కథ చెబుతాడు. తెలుగులో నన్నయ కూడా చెప్పాడు. దమయంతి స్వయంవరం అయిపోయి దేవతలు తిరిగి వెళ్తుంటే, దారిలో కలి, ద్వాపరుడు ఎదురయ్యారు. దమయంతి దేవతల్ని కాదని నలుణ్ణి వరించిందని తెలిసి కలికి ఒళ్ళు మండింది. నలుణ్ణి రాజ్యానికీ భార్యకీ దూరం చేస్తానన్నాడు. కానీ ఒక్కడే బయల్దేరలేదు. నేను నలుడి లోపల ఉంటాను, నువ్వు పాచికల్లో దూరి నాకు సాయం చెయ్యి అని ద్వాపరుడితో మాట్లాడుకున్నాడు.

ఆ తర్వాత 12 ఏళ్ళు కాచుకుని కూర్చున్నాడు. ఒక రోజు నలుడు మూత్రవిసర్జన చేసి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే సంధ్య వార్చాడు. ఆ సందులో కలి లోపలికి వెళ్ళాడు. వెంటనే పుష్కరుణ్ణి జూదానికి ఉసిగొల్పాడు. మిగతాది మీకు తెలిసిందే.

వీడియోలో దాటేశానన్న వివరం ఈ ఒప్పందమే. కలి సామాన్యుడు కాదు, ఒక యుగానికే అధిపతి. అంతటివాడు కూడా తాను ఒక్కణ్ణే నలుణ్ణి పడగొట్టగలననుకోలేదు. లోపల కోరిక ఒక్కటే ఉంటే మనిషి దాన్ని ఎలాగోలా అణుచుకుంటాడు. బయట పాచికలు మాత్రమే ఉంటే కాసేపు ఆడి లేచిపోతాడు. లోపల ఒకడు, చేతిలో ఒకడు ఉండి, ఇద్దరూ మాట్లాడుకుంటుంటే అప్పుడు లేవలేడు.

నికోటిన్, ఆల్కహాల్ మన శరీరంలో చేసే పని చదువుతుంటే నాకు ఈ ఒప్పందమే గుర్తొచ్చింది.

శరీరంలో ఏం జరుగుతోంది?

ముందే ఒక మాట. ఈ విషయం మీద పరిశోధన ఎక్కువగా సిగరెట్లూ మందూ కలిపే వాళ్ళ మీద జరిగింది. వేప్ కొత్తది. కానీ అలవాటు చేసే పదార్థం రెండింటిలోనూ ఒకటే, నికోటిన్. అందుకే చాలా సంగతులు దీనికీ వర్తిస్తాయి.

నికోటిన్ పీల్చాక 10 నుంచి 20 సెకన్లలో మెదడుకి చేరుతుంది. అక్కడ కొన్ని రిసెప్టర్లను తాకి డోపమిన్ విడుదల చేయిస్తుంది. డోపమిన్ అంటే చాలామంది 'ఆనందం' అనుకుంటారు. దానికంటే, 'ఇది బాగుంది, గుర్తుపెట్టుకో, మళ్ళీ చెయ్యి' అని మెదడు వేసుకునే స్టాంపు అనుకుంటే దగ్గరగా ఉంటుంది. ఆల్కహాల్ వేరే దారుల్లో వెళ్తుంది, కానీ చివరికి అదీ ఇదే స్టాంపు వేయిస్తుంది. రెండూ ఒకేసారి వస్తే మెదడు వాటిని రెండు విషయాలుగా రాసుకోదు. గ్లాసు, పొగ, పాట, ఆ నలుగురు ఫ్రెండ్స్, అన్నీ కలిపి ఒకే జ్ఞాపకంగా రాసుకుంటుంది. తర్వాత అందులో ఒకటి కనిపించినా మిగతావన్నీ కావాలనిపిస్తాయి.

ఈ చుట్టరికానికి ఒక ఆధారం మందుల షాపులోనే ఉంది. వరెనిక్లిన్ అని సిగరెట్ మాన్పించడానికి ఇచ్చే ఔషధం ఒకటుంది. 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది నికోటిన్ రిసెప్టర్ల మీద పని చేస్తుంది. తర్వాత జరిగిన కొన్ని పరీక్షల్లో అది తాగాలన్న కోరికని కూడా తగ్గించినట్టు కనిపించింది. నికోటిన్ కోసం చేసిన తాళం మందు తలుపుకి కూడా కొంతవరకు పట్టిందంటే, ఆ రెండు తలుపులూ ఒకే గోడలో ఉన్నట్టే కదా. (డాక్టర్ని అడగకుండా ఇలాంటివి వాడకండి.)

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఆల్కహాల్ మెదడుని మందగింపజేస్తుంది. కళ్ళు బరువెక్కుతాయి, మాట తడబడుతుంది, ఇక చాలనిపిస్తుంది. ఆ బరువు నిజానికి శరీరం మనకి చేస్తున్న ఉపకారం, అదే మన బ్రేకు. నికోటిన్ దీనికి సరిగ్గా ఎదురు, ఉత్తేజపరుస్తుంది. మూడో పెగ్గు తర్వాత నాలుగు పఫ్‌లు లాగితే కళ్ళు తెరుచుకుంటాయి, నేను బానే ఉన్నాననిపిస్తుంది. అనిపిస్తుంది, అంతే. రక్తంలో ఆల్కహాల్ ఎక్కడుందో అక్కడే ఉంటుంది. లివర్ దాని వేగంతోనే అది పని చేస్తుంటుంది, వేప్ వల్ల ఆ వేగం పెరగదు. మత్తు తగ్గలేదు, మత్తు ఎక్కిందన్న కబురు మాత్రం మనకి చేరడం లేదు.

ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఇంకొకటి కూడా తేలింది. నికోటిన్ కడుపు ఖాళీ అవ్వడాన్ని ఆలస్యం చేసి, రక్తంలోకి వెళ్ళే ఆల్కహాల్‌ని తగ్గించింది. మనుషుల్లోనూ ఇలాగే జరిగితే, ఎక్కలేదని ఇంకో గ్లాసు పోయించుకోవడానికి అదొక కారణం అవుతుంది.

అటునుంచి ఇటు చూస్తే, ఆల్కహాల్ ముందుగా దెబ్బ తీసేది మన 'వద్దు' అనే శక్తిని. వేప్ మానేద్దామనుకున్నవాడు పొద్దున్న ఆఫీసులో ఆగగలడు, సాయంత్రం జిమ్‌లో ఆగగలడు. రాత్రి రెండో గ్లాసు తర్వాత ఆగలేడు. సిగరెట్లు మానేసినవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టే సందర్భాల్లో మందు పార్టీ ఎప్పుడూ ముందు వరసలో ఉంటుంది.

చూడండి ఒప్పందం ఎంత పక్కాగా ఉందో. మందు వేప్ మీదున్న కాపలాని నిద్రపుచ్చుతుంది. వేప్ మందు మీదున్న బ్రేకుని తీసేస్తుంది.

ఇది సిద్ధాంతం కాదు. మన మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటి ఆల్కహాల్ ఉంటే బండి నడపడం నేరం. 'నేను బానే ఉన్నాన్రా, కీస్ ఇవ్వు' అనేవాడు అబద్ధం చెప్పట్లేదు. వాడికి నిజంగానే బాగున్నట్టు అనిపిస్తోంది. ఎదురుగా లారీ వచ్చినప్పుడు బ్రేకు మీదకి వెళ్ళాల్సిన కాలు మాత్రం ఆ మాట నమ్మదు.

సిగరెట్‌కీ వేప్‌కీ ఉన్న తేడా

సిగరెట్‌కి ఒక చివర ఉంటుంది. అది అయిపోతుంది. బయటికి వెళ్ళాలి, లైటర్ వెతకాలి, చేతులు వాసనొస్తాయి, ఇంటికెళ్తే అమ్మకి తెలుస్తుంది. ఇవన్నీ ఇబ్బందులే, కానీ ప్రతి ఇబ్బందీ ఒక చిన్న స్టాప్ బోర్డు కూడా. వేప్‌కి ఆ బోర్డులేవీ లేవు. కుర్చీలోంచి లేవకుండా, మంచింగ్ తింటూ, మాట మధ్యలో లాగొచ్చు. ఎన్నిసార్లు లాగాడో లాగినవాడికే తెలియదు. పైగా నికోటిన్ సాల్ట్ అనే రూపం వచ్చాక, ఎక్కువ మోతాదు కూడా గొంతులో గీరకుండా మెత్తగా దిగుతోంది. మామిడి పండు రుచి, పుదీనా చల్లదనం. గొంతు చెప్పే 'చాలు' కూడా పోయింది.

మన దేశంలో 2019లో చట్టం చేసి ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటనలు అన్నీ నిషేధించారు. మొదటిసారి అమ్మి దొరికితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అంటే ఇక్కడ చేతికొచ్చే ప్రతి వేప్ దొంగదారిలో వచ్చిందే. దాని మీద రాసిన నికోటిన్ శాతం నిజమో కాదో పరీక్షించే వ్యవస్థ ఏదీ మన చేతికొచ్చేలోపు దాన్ని చూడదు.

'సిగరెట్ కంటే నయం కదా' అన్న మాటలో కొంత నిజం ఉంది, దాన్ని దాచకూడదు. రోజూ సిగరెట్లు తాగేవాడు అవి పూర్తిగా మానేసి వేప్‌కి మారితే, పొగాకు కాలడం వల్ల వచ్చే విషాలు చాలావరకు తగ్గుతాయి. బ్రిటన్ ఆరోగ్య శాఖ వాళ్ళు ఇదే చెబుతారు. కానీ ఆ పోలిక సిగరెట్ తాగేవాడికి వర్తిస్తుంది. జీవితంలో సిగరెట్ ముట్టకుండా, ఒక సిట్టింగ్‌లో ఫ్రెండ్ చేతిలోది అందుకుని మొదలుపెట్టినవాడు దేనికంటే నయం? వాడు పోల్చుకోవాల్సింది స్వచ్ఛమైన గాలితో.

మాల తీసిన రాత్రి

మనవాళ్ళందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి చెప్తాను. కార్తీకం వచ్చిందంటే మన ఊళ్ళలో, ఆఫీసుల్లో ఎంతమంది అయ్యప్ప మాల వేసుకుంటారో చూస్తూనే ఉంటాం. 41 రోజుల మండల దీక్ష. నేల మీద పడక, తెల్లవారుజామున చన్నీటి స్నానం, ఒక్కపూట భోజనం. మందు, పొగ, మాంసం అన్నీ బంద్. ఏడాదంతా 'మానలేకపోతున్నాను' అన్నవాడు కూడా ఆ 41 రోజులూ ముట్టుకోడు. మా టీమ్‌లోనే చూశాను, రోజంతా వేప్ చేతిలో ఉండే మనిషి మాల వేసుకున్న రెండో వారానికి దాని ఊసే ఎత్తలేదు.

నికోటిన్ మానితే వచ్చే చిరాకు, నిద్రలేమి మొదటి మూడు నాలుగు రోజులు గట్టిగా ఉంటాయి. మూడు నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి. అంటే 41 రోజులు పూర్తయ్యేసరికి శరీరానికి అది అవసరం లేదు. మరి మాల తీసిన తర్వాత, ఫ్రెండ్స్ ఇచ్చిన మొదటి బీరు సగం అవ్వకముందే చెయ్యి జేబులోకి ఎందుకు వెళ్తోంది?

దీనికి మన పెద్దలు వాడే మాట 'వాసన'. ముక్కుకి తగిలే వాసన కాదు, మనసులో మిగిలిపోయే ముద్ర. ఒక పాత్రలో ఇంగువ ఉంచి తీసేస్తే ఇంగువ పోయినా ఘాటు పోదు, అలాంటిది. 'దీనికి వాసన రాదు రా' అని వేప్ కొంటారు. బయటికి రాని ఆ వాసన లోపల ఉండిపోతుంది. శరీరం మర్చిపోయినదాన్ని బీరు గుర్తుచేస్తుంది.

దీక్షలో అది ఎందుకు సాధ్యమైందో కూడా గమనించండి. నల్ల బట్టలు వేసుకోగానే సంకల్పబలం పదింతలు పెరగదు. దీక్షలో రెండూ ఒకేసారి ఆగుతాయి. కూర్చునే చోటు మారుతుంది, పక్కన ఉండే మనుషులు మారతారు, సాయంత్రం భజన ఉంటుంది. అందరూ 'స్వామీ' అని పిలుస్తుంటారు, గ్లాసు ఎవరూ చాపరు. అంటే కలి, ద్వాపరుడు ఇద్దరికీ ఒకేసారి తలుపులు మూశారు. దీక్ష చేసినవాళ్ళెవరైనా 'నాకు విల్‌పవర్ లేదు' అని చెబితే నేను నమ్మను. 41 రోజులు చూపించారు కదా.

ఒకటి మాని రెండోది ఉంచుకుంటే ఏమవుతుందో ఒక ప్రసిద్ధుడి జీవితం చూస్తే తెలుస్తుంది. ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థని 1935లో అమెరికాలో మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకాయన బిల్ విల్సన్. 1934లో మందు మానేశాడు, చనిపోయేదాకా ముట్టలేదు. ప్రపంచమంతా లక్షలమంది మందు మానడానికి ఆయన దారి చూపించాడు. కానీ సిగరెట్లు వదల్లేకపోయాడు. ఊపిరితిత్తులు పాడై, ఎంఫసీమా ముదిరి, 1971లో న్యుమోనియాతో పోయాడు. ఆయన్ని తక్కువ చేసి చెప్పడం లేదు. అంతటి మనిషిని కూడా మిగిలిన ఆ ఒక్కటి వదల్లేదు. మందు మాన్పించేటప్పుడు సిగరెట్ జోలికి వెళ్ళకూడదు, రెండూ ఒకేసారి కష్టమని చాలాకాలం వైద్యులు కూడా అనుకున్నారు. తర్వాతి పరిశోధనలు వేరేగా చెప్పాయి. పొగ కూడా మానడానికి సాయం చేస్తే మందు మానడం చెడిపోదు, పైగా నిలబడటానికి తోడ్పడుతుంది.

మరి తప్పు ఎవరిది?

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. అంతా డోపమిన్, రిసెప్టర్లే అయితే ఇందులో ధర్మం, అధర్మం ఏముంది? రాత్రి 11 గంటలకి నేను చేసింది నా మెదడు చేయించింది కదా?

నలుడు కూడా ఒకచోట ఇలాంటి మాటే అంటాడు. మళ్ళీ కలిసినప్పుడు దమయంతితో, రాజ్యం పోగొట్టిందీ నిన్ను అడవిలో వదిలిందీ నేనుగా చేసింది కాదు, కలి చేయించాడు అంటాడు. వినడానికి తప్పించుకునే మాటలా ఉంటుంది. కానీ ఆ మాట ఎప్పుడన్నాడో చూడాలి. తన ప్రయత్నంతో, తపస్సుతో కలిని బయటికి పంపేశాక అన్నాడు. కలి లోపల ఉన్నంతకాలం 'నాలో కలి ఉన్నాడు' అని ఎవడూ అనడు, 'నేను బానే ఉన్నాను' అంటాడు.

నాకు అర్థమైనంతలో జవాబు ఇది. రాత్రి 11 గంటల మనిషి చేతిలో ఎంపిక చాలా తక్కువ. నిజమే. కానీ సాయంత్రం 7 గంటల మనిషి చేతిలో పూర్తిగా ఉంది. అతను ఎవరితో కూర్చోవాలో, జేబులో ఏం పెట్టుకెళ్ళాలో, బండి తీసుకెళ్ళాలో క్యాబ్ బుక్ చేసుకోవాలో తేల్చుకోగలడు. మన నేర చట్టం కూడా ఇలాగే చూస్తుంది. ఎవరో తెలియకుండానో బలవంతంగానో మత్తు ఎక్కిస్తే ఆ మనిషికి మినహాయింపు ఉంటుంది, తనంతట తాను తాగినవాడికి మత్తు సాకు కాదు.

తెలియనంతకాలం 7 గంటల మనిషి 'నేను బీరుకి మాత్రమే ఒప్పుకున్నాను' అంటే అది నిజాయితీ మాటే. ఈ రెండూ కలిసి పని చేస్తాయని తెలిశాక ఆ మాటలో నిజాయితీ ఉండదు. బీరుకి ఒప్పుకున్నప్పుడే మిగతాదానికీ ఒప్పుకున్నట్టు. తెలిసినకొద్దీ బాధ్యత ముందు గంటలోకి జరుగుతుంది. నలుడి కాళ్ళు కడుక్కోని కథ నాకు ఇప్పుడు అన్యాయంగా అనిపించడం లేదు. 12 ఏళ్ళు నిష్ఠగా ఉన్న మనిషికి అంత చిన్నదానికి అంత శిక్షా అని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. ఆ కథ శిక్ష గురించి కాదు, సందు గురించి. పెద్ద ఓటమి జూదం దగ్గర జరిగింది కానీ, తలుపు తెరుచుకుంది ఎవరూ పట్టించుకోని ఒక మామూలు సాయంత్రం.

దీనివల్ల ఒక ఊరట కూడా ఉంది. ప్రతి ఆదివారం పొద్దున్న 'నేను దేనికీ పనికిరాను, మాట మీద నిలబడలేను' అని తిట్టుకునేవాళ్ళకి చెప్తున్నాను. మీరు బలహీనులని కాదు. యుద్ధం తప్పు గంటలో చేస్తున్నారు. 11 గంటలకి గెలవలేని యుద్ధం 7 గంటలకి అంత పెద్దది కాదు.

ఎవరి పాచికల్లో మనం ఉన్నాం?

ఇంతవరకు చదివి 'నాకు ఈ గొడవలేవీ లేవు, నేను ఎప్పుడో ఒకసారి' అనుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళని నేను అడిగేది వేరే. టేబుల్ దగ్గర 'ఒక్క పఫ్ లాగు మామా, ఏం కాదు' అని చాపే చెయ్యి ఎవరిది? మానేశానని చెప్పినవాడి గ్లాసు ఖాళీ అవ్వగానే అడక్కుండా నింపేది ఎవరు? మనకి అలవాటు లేకపోవచ్చు, ఎదుటివాడి లోపల ఏముందో మనకి తెలియదు. కలి వాడిలో ముందే ఉండి ఉంటే, పాచికల్లో దూరి సాయం చేసిన ద్వాపరుడు మనమే అవుతాం. మన ఖాతాలో ఒక్క పఫ్పే. వాడి ఖాతాలో మూడు నెలల ప్రయత్నం.

దమయంతి చేసింది చూడండి. మంత్రులూ పౌరులూ ద్వారం దగ్గర నిలబడితే ఆవిడ లోపలికి వెళ్ళి నలుడికి చెప్పింది. ఆయన జవాబే ఇవ్వలేదు. ఆడుతున్నవాడితో వాదించి లాభం లేదని ఆవిడకి అర్థమైంది. అప్పుడు ఏడుస్తూ కూర్చోకుండా, అంతా పోకముందే సారథి వార్ష్ణేయుణ్ణి పిలిపించి పిల్లలిద్దర్నీ విదర్భకి, పుట్టింటికి పంపేసింది. మత్తులో ఉన్న ఫ్రెండ్‌కి క్లాసు పీకడం దండగ. సిట్టింగ్ మొదలవ్వకముందే బండి కీస్ తీసుకుని పెట్టుకోవడం, 'ఈసారి ఇరానీ హోటల్‌లో కూర్చుందాం రా' అని చోటు మార్చడం, ఇవే దమయంతి పనులు.

లెక్క తెలిస్తే

నలుడిలోంచి కలి ఎలా బయటికి వచ్చాడు? యుద్ధంతో కాదు. బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణ మహారాజు రథం తోలుతున్నప్పుడు, దారిలో ఆ రాజు ఒక తానికాయ చెట్టుని చూపించి ఆకులెన్నో కాయలెన్నో చెప్పాడు. నలుడు ఊరికే నమ్మలేదు. రథం ఆపి, దిగి, లెక్కపెట్టి చూశాడు. సరిపోయింది. తన అశ్వహృదయం ఇస్తానని ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం, అంటే పాచికల రహస్యం నేర్చుకున్నాడు. నేర్చుకున్న క్షణంలోనే కలి బయటికొచ్చాడు. ఆ తానికాయలే పాతకాలపు పాచికలు. ఏ పాచికలు తనని ముంచాయో వాటి లెక్క తెలిసిన రోజే విడుదలయ్యాడు.

ఇంజినీరుగా నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం. ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోతే ముందు ఎవర్నీ తిట్టం, లాగ్స్ చూస్తాం. అలాగే రెండు వారాలు లెక్క రాయండి. మందు లేని రోజు ఎన్ని పఫ్‌లు, మందున్న రోజు ఎన్ని? వేప్ జేబులో లేని సిట్టింగ్‌లో ఎన్ని గ్లాసులు, ఉన్నప్పుడు ఎన్ని? నా మాట నమ్మొద్దు. నలుడిలాగా రథం దిగి మీరే లెక్కపెట్టండి.

లెక్క చూశాక మానాలనిపిస్తే రెండూ కలిపి ఆపండి. కనీసం వేప్ మానిన మొదటి నెల రోజులు మందు సిట్టింగ్‌లకి వెళ్ళకండి. దీక్ష మీకు నేర్పింది అదే. పొగాకు, నికోటిన్ మానడానికి ప్రభుత్వ క్విట్‌లైన్ 1800-11-2356, మత్తు అలవాట్లకి 14446 ఉన్నాయి, రెండూ ఉచితం. ఒక హెచ్చరిక: రోజూ ఎక్కువగా తాగే అలవాటున్నవాళ్ళు ఒక్కసారిగా సొంతంగా ఆపకండి. వణుకు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. డాక్టర్ పర్యవేక్షణలోనే ఆపాలి. అది బలహీనత కాదు, నలుడికి కూడా ఋతుపర్ణుడు కావాల్సి వచ్చాడు.

కథ చివర నలుడు మళ్ళీ పుష్కరుడితో ఆడి గెలుస్తాడు కదా, మేమూ కంట్రోల్ వచ్చాక మళ్ళీ మొదలుపెడతాం అనొద్దు. ఆయన ఆడింది రాజ్యం తిరిగి తెచ్చుకోవడానికి. మనం తిరిగి తెచ్చుకోవాల్సింది మన శనివారం సాయంత్రం 7 గంటలు.

మీ ఇంట్లో ఈ మధ్యే మాల తీసినవాళ్ళు ఉంటే, వాళ్ళ మొదటి సిట్టింగ్ కంటే ముందే ఈ పోస్టు పంపండి.

శుభం.